చూపుకు చిక్కని వీరుడు
‘మెటల్ గేర్’ ఆటల్లో సినిమా కథనం

వీడియో గేమ్ సినిమాలా ఉండాలన్న కోరిక ఆ రంగానికి దాదాపు పుట్టుకతోనే వచ్చింది. తెర ఉంది, వెలుగునీడలు ఉన్నాయి, నేపథ్య సంగీతం ఉంది, అలాంటప్పుడు కథ చెప్పే తీరు మాత్రం వేరుగా ఎందుకుండాలన్నది ఆ కోరిక వెనకనున్న తర్కం. అయితే సినిమా చూసేవాడి చేతులు ఖాళీగా ఉంటాయి, ఆట ఆడేవాడి చేతుల్లో బటన్లు ఉంటాయి. దర్శకుడు చూపించిందే చూడటానికి ఒప్పుకొని కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుడికీ, తాను కదిలిస్తే తప్ప కథ కదలదని తెలిసిన ఆటగాడికీ మధ్య ఉన్న ఈ తేడాను లెక్కచేయకుండా, సినిమా ముక్కలను తెచ్చి ఆట మధ్యలో అతికించి సంతృప్తిపడిన ఆటలు కోకొల్లలు. ఆ తేడానే కథకు ముడిసరుకుగా మార్చుకున్నవి మాత్రం వేళ్ల మీద లెక్కించదగినవే. జపాన్‌కు చెందిన కొనామి సంస్థ 1987లో మొదలుపెట్టిన ‘మెటల్ గేర్’ వరుస ఆ కొద్దిపాటి ఆటల్లోకెల్లా పట్టుదల కలిగినది, ఒక్కోసారి మొండిది కూడా.

ఈ వరుసలోని ఆటలను ‘స్టెల్త్’ తరగతి కింద లెక్కిస్తారు. శత్రువుకు ఎదురునిలిచి కాల్పులు జరపడం కాకుండా, అతని కంటపడకుండా, అడుగుల చప్పుడు వినిపించనివ్వకుండా, గోడల చాటునా పెట్టెల వెనకా నక్కుతూ గమ్యం చేరడమే ఈ తరగతిలో అసలైన నేర్పు. దాగుడుమూతలే కదా అని తీసిపారేయడానికి వీల్లేని మెలిక ఇందులో ఒకటుంది. దాగుడుమూతల్లో దాక్కున్నవాడికి వెతికేవాడు ఎటున్నాడో తెలియదు. ఇక్కడ మాత్రం కాపలా సైనికుడు ఎటు నడుస్తాడో, ఎంత దూరం చూడగలడో, ఎప్పుడు వెనక్కి మళ్లుతాడో ఆటగాడికి తెలుస్తూనే ఉంటుంది, ఏమీ తెలియనిది ఆ సైనికుడికే. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రుఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణల్లో ఉలికిపాటుకూ ఉత్కంఠకూ ఉన్న భేదాన్ని బల్ల కింద బాంబు ఉదాహరణతో వివరించాడు. బాంబు ఉన్నదని ఎవరికీ తెలియకుండా పేలితే ప్రేక్షకుడు ఉలిక్కిపడేది కొన్ని క్షణాలే, కానీ పాత్రలకు తెలియని ఆ సంగతి ప్రేక్షకుడికి ముందే తెలిస్తే ఆ బల్ల దగ్గర సాగే పిచ్చాపాటీ కూడా నరాలు తెంచుతుందన్నది ఆ వివరణ సారం. స్టెల్త్ ఆట ఆడేవాడు ఆ ప్రేక్షకుడి స్థానంలోనూ, బాంబు పెట్టినవాడి స్థానంలోనూ ఏకకాలంలో ఉంటాడు. ఎవరు ఎవరిని చూస్తున్నారు, ఎవరికి ఏం తెలుసు అన్న రెండు ప్రశ్నలే ఉత్కంఠ సినిమాకూ ఈ ఆటలకూ మూలాధారాలు గనుక, సినిమా కథనం మరే తరగతి ఆటలోనూ కుదరనంత సహజంగా ఇందులో కుదిరిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఈ వరుసకు రూపకర్త హిడియో కొజిమా. 1963లో టోక్యోలో పుట్టి, సినిమా దర్శకుడు కావాలని కలలుగని, 1986లో కొనామిలో చేరిన కొజిమాకు అప్పగించిన పని యుద్ధం ఆట తయారు చేయడం. అది ఎంఎస్ఎక్స్2 అనే ఇంటి కంప్యూటర్ కోసం తయారు కావలసిన ఆట. ఆ యంత్రం తెరపై ఒకే వరుసలో కదిలే బొమ్మలను పరిమిత సంఖ్యలోనే చూపగలిగేది, వీరుడూ నలుగురైదుగురు శత్రువులూ వాళ్ల తూటాలూ ఒకేచోట చేరితే బొమ్మలు మిణుకుమిణుకుమంటూ మాయమయ్యేవి. పోరాటం చూపలేని యంత్రం మీద యుద్ధం ఆట ఎలా అన్న చిక్కుకు, పోరాడకుండా తప్పించుకునే ఆటను తయారు చేయడమే విరుగుడని కొజిమాకు తోచింది. జర్మన్ల యుద్ధఖైదీల శిబిరం నుంచి పారిపోయే సైనికుల కథతో 1963లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘ది గ్రేట్ ఎస్కేప్’ ఆ ఆలోచనకు ఊతమిచ్చింది. దాక్కునే ఆటలు అంతకుముందు లేకపోలేదు, 1981 నాటి ‘క్యాజిల్ వుల్ఫెన్‌స్టైన్’ అమెరికాలో ఆ దారి తొక్కనే తొక్కింది. అయినా యంత్రపు లోపాన్ని కథకు అనువుగా మలచుకున్న తీరులో తక్కువ ఖర్చుతో సినిమా తీసే దర్శకుడి బుద్ధి స్పష్టంగా కనిపిస్తుంది.

1987 జులైలో విడుదలైన ఆ మొదటి ‘మెటల్ గేర్’లో, సాలిడ్ స్నేక్ అనే యువ గూఢచారి ఒంటరిగా శత్రు స్థావరంలోకి చొరబడి, అణ్వస్త్రాన్ని మోస్తూ రెండు కాళ్లపై నడిచే యుద్ధయంత్రాన్ని నాశనం చేయాలి. ఆ యంత్రం పేరే మెటల్ గేర్. దారి పొడవునా రేడియోలో ఆదేశాలిచ్చే పైఅధికారి బిగ్ బాస్, ఆట చివరికొచ్చేసరికి ఉన్నట్టుండి ఆపరేషన్ ఆపేయమనీ, ఎంఎస్ఎక్స్ కంప్యూటర్ కట్టేయమనీ ఆజ్ఞాపిస్తాడు. ఆ ఆజ్ఞ స్నేక్‌కు కాదు, అతన్ని నడిపిస్తున్నవాడికి. శత్రు స్థావరానికి అసలు అధిపతి ఆ అధికారేనన్న సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. తెరపై కదిలేవి అరంగుళం బొమ్మలే అయినా, పాత్ర వినవలసిన మాటను ఆటగాడికి వినిపించే ఈ ఎత్తు తర్వాతి ఆటలన్నిటికీ బీజమైంది. 1990లో వచ్చిన రెండో ఆట సైనికుల చూపుకు వెడల్పునిచ్చి, చప్పుళ్లను పసిగట్టే చెవులనిచ్చి, పాకుతూ కదిలే వీలు కల్పించి, ఆటలోని నియమాలను దాదాపు పూర్తి చేసింది.

నోరు కదలని నటులు

ఎనిమిదేళ్ల తర్వాత, 1998 సెప్టెంబరులో సోనీ ప్లేస్టేషన్ కోసం వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’తో ఈ వరుస ప్రపంచానికి తెలిసింది. అప్పటికి ఆటల్లో కథ చెప్పడానికి స్థిరపడిన పద్ధతి ‘కట్‌సీన్’. ఆట కాసేపు ఆగి, ఆటగాడి చేతిలోని బటన్లు పనిచేయకుండా పోయి, తెరపై కథాభాగం ఒకటి సినిమాలా నడవడాన్ని కట్‌సీన్ అంటారు. శక్తిమంతమైన కంప్యూటర్ల మీద ముందే తయారుచేసిన చిత్రాన్ని డిస్కులో నింపి, అవసరమైనచోట ప్రదర్శించడం ఆనాటి రివాజు. ఆ చిత్రంలో అందంగా, నున్నగా కనిపించిన వీరుడు మరుక్షణం ఆటలోకి వచ్చేసరికి మొరటు బొమ్మగా మారిపోయేవాడు, ఆ అతుకు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది. కొజిమా బృందం ఈ పద్ధతిని చాలావరకు పక్కనపెట్టి, ఆటను నడిపే సాఫ్ట్‌వేర్‌తోనే, అవే బొమ్మలతో, అక్కడికక్కడే కట్‌సీన్లను నడిపించింది. సరిహద్దు చెరిగిపోయి, ఆటగాడు నడిపిస్తున్న స్నేక్ చుట్టూనే కెమెరా ఒక్కసారి తిరిగి దృశ్యం మొదలయ్యేది, దృశ్యం ముగిసిన చోటే ఆట మళ్లీ చేతికొచ్చేది.

ఇందుకు చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. ఆనాటి యంత్రంపై ఆ బొమ్మలకు కళ్లు నల్లని నీడలు, నోళ్లు కదలవు. మాట్లాడుతున్నది ఎవరో తెలియడానికి పాత్రలు తలలూపుతాయి. ముఖకవళికలు లేని నటులతో భావం పలికించడానికి దర్శకుడికి మిగిలిన సాధనాలు గొంతు, కెమెరా కోణం, శరీర భంగిమ మాత్రమే. జపనీస్‌లో అకియో ఓత్సుకా, ఇంగ్లిష్‌లో డేవిడ్ హేటర్ స్నేక్‌కు గొంతునిచ్చారు. గదులను, నడవాలను ముందుగా లెగో ఇటుకలతో కట్టి, ఎక్కడినుంచి చూస్తే ఏది కనిపిస్తుందో, ఏది దాగుతుందో బృందం పరీక్షించుకుంది. సినిమా సెట్ వేసే కళాదర్శకుడికీ, కాపలా సైనికుడి గస్తీని నిర్ణయించే ఆట రూపకర్తకూ ఆ ఇటుకల బొమ్మరిల్లు ఒకేలా అక్కరకొచ్చింది. పాత్రలనూ యంత్రాలనూ చిత్రించిన యోజి షింకావా కుంచెగీతల్లోని కరకుదనం కూడా ఆ అరకొర ముఖాలకు ఎంతో కొంత గాంభీర్యాన్ని అద్దింది.

అలాస్కా సమీపంలోని షాడో మోసెస్ అనే కల్పిత ద్వీపం కథాస్థలం. నీటి అడుగునుంచి ఈదుకుంటూ స్నేక్ స్థావరానికి చేరుతుంటే, సినిమా ఆరంభంలోలాగే సాంకేతిక నిపుణుల పేర్లు తెరపై ఒక్కొక్కటిగా పడతాయి. ఆ తర్వాత ఆటగాడు సరకులు దించే రేవులో సైనికులను తప్పించుకుని లిఫ్టు ఎక్కుతాడు, అది పైకి చేరాకే ఆట పేరు కనిపిస్తుంది. ఒక చిన్న పరీక్ష నెగ్గినవాడికే టైటిల్ చూపించడం సినిమా చేయలేని పని. ఆట సాగుతున్నకొద్దీ ఇలాంటి పనులు పెరుగుతాయి. ‘కోడెక్’ అనే రహస్య రేడియోలో మెరిల్ అనే యువతిని సంప్రదించవలసి వచ్చినప్పుడు ఆమె ఫ్రీక్వెన్సీ సంఖ్య కథాలోకంలో ఎక్కడా దొరకదు, అది ఆటగాడి ఇంట్లో ఉన్న సీడీ డబ్బా వెనక అచ్చయిన చిత్రంలో ఉంటుంది.

మనసులు చదవగలనని చెప్పుకునే సైకో మాంటిస్ అనే ప్రతినాయకుడి ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. అతను మొదట ఆటగాడి మెమరీ కార్డును, అంటే ఆటల ప్రగతిని దాచుకునే చిన్న పలకను, చదివి అందులో కొనామికి చెందిన ఇతర ఆటలుంటే వాటి పేర్లు చెబుతాడు. తర్వాత కంట్రోలర్‌ను నేలపై పెట్టమంటాడు, కంపించే యంత్రం అందులో ఉన్నది గనుక అది తనంతట తానే కదులుతుంది. పోరాటం మొదలయ్యాక తెర నల్లబడి, పాత టీవీల్లో ‘వీడియో’ అని కనిపించే మూల ‘హిడియో’ అన్న అక్షరాలు వెలుగుతాయి, టీవీ పాడైందేమోనని కంగారుపడటం ఆటగాడి వంతవుతుంది. అతని మీదికి ఏ దెబ్బ వేసినా ముందే పసిగట్టి తప్పించుకుంటాడు. కంట్రోలర్ తీగను పీకి యంత్రంలోని రెండో రంధ్రంలో గుచ్చితే గానీ అతను మనసు చదవడం ఆగదు. దీన్ని చిలిపిచేష్టగా కొట్టిపారేసినవాళ్లున్నారు. కానీ అంతవరకు దాక్కుంటూ వచ్చిన ఆటగాడిని, సురక్షితమనుకున్న ఇంటి గదిలోనే ఒకడు చూసేశాడన్న భావన కలిగించడంలో, స్టెల్త్ ఆట నియమాన్ని తెర ఇవతలికి లాక్కొచ్చిన ఎత్తుగడ ఇది. సినిమాలో పాత్ర కెమెరాలోకి చూసి మాట్లాడినా ఆ ప్రేక్షకుడు అల్మారాలో దాచుకున్న వస్తువు పేరు చెప్పలేదు.

పేరు అడిగిన ఆట

2001 నవంబరులో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్ 2’ పెద్ద మోసంతో మొదలైంది. ప్రచార చిత్రాలన్నిటా స్నేక్ కనిపించాడు. ఆట కొన్నవాళ్లకు అతన్ని నడిపే అవకాశం తొలి అధ్యాయంలో మాత్రమే దొరికి, ఆ తర్వాత రైడెన్ అనే కొత్త కుర్రాడు వాళ్ల చేతికొచ్చాడు. హాలీవుడ్ స్వరకర్త హ్యారీ గ్రెగ్సన్-విలియమ్స్ సంగీతం, ‘సెవెన్’ చిత్రానికి పేర్ల దృశ్యం రూపొందించిన కైల్ కూపర్ టైటిళ్లు తోడై, పైపైన ఇది భారీ చిత్రంలాగే కనిపించింది. లోపల మాత్రం ఆ భారీతనాన్నే ప్రశ్నించింది. రైడెన్ యుద్ధం నేర్చుకున్నది కృత్రిమ శిక్షణ యంత్రాల్లో, అంటే ఒకరకంగా వీడియో గేముల్లో. ఆట ఆరంభంలో ఒక కంప్యూటర్ దగ్గర ఆటగాడి పేరు, పుట్టినతేదీ నమోదు చేయిస్తారు. చివరి దృశ్యంలో రైడెన్ మెడలోని గుర్తింపు బిళ్లపై ఉన్నది ఆ పేరేనని తేలుతుంది, దాన్ని అతను విసిరిపారేస్తాడు. ఆదేశాలిచ్చే కల్నల్ నిజానికి మనిషే కాదనీ, సమాచారాన్ని అదుపుచేయడానికి పుట్టిన కృత్రిమ మేధ అనీ బయటపడుతుంది. అతను మతిచలించినట్టు మాట్లాడుతూ ఆట యంత్రాన్ని కట్టేయమని చెప్పే ఘట్టంలో, 1987 నాటి బిగ్ బాస్ ఆజ్ఞ మళ్లీ వినిపిస్తుంది.

అంతర్జాలం నిండా చేరే చెత్త సమాచారం మధ్య సత్యాన్ని ఏరేదెవరన్న ప్రశ్నను 2001లోనే వేసినందుకు ఈ ఆటను తర్వాతి కాలం విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. ఆ గౌరవం సముచితమే. అయినా ఆ ప్రశ్న వేసిన పద్ధతిలో లోటు ఉందనక తప్పదు. ఆకుపచ్చ తెర మీద రెండు ముఖాలు ఎదురెదురుగా నిలబడి నిమిషాల తరబడి సిద్ధాంతం మాట్లాడుకునే కోడెక్ ఘట్టాలు సినిమా కూడా కావు, ఆట కూడా కావు, వాటిని రేడియో నాటకం అనడమే న్యాయం. చూపించగలిగినదాన్ని చెప్పడం కొజిమాకు ఎంతకాలానికీ వదలని జబ్బు. మరోవైపు, ఒక మహాయుద్ధనౌక న్యూయార్క్ నగరంలోకి దూసుకొచ్చే దృశ్యాన్ని ఆ ఏడాది సెప్టెంబరు 11 దాడుల తర్వాత కత్తిరించవలసి రావడం వల్ల ముగింపు దగ్గర కథ ఒక్కసారిగా గెంతినట్టుంటుంది.

కాల్చక తప్పని తూటా

‘సాలిడ్’ ఆటల్లో మూడోదైన ‘స్నేక్ ఈటర్’ 2004లో వచ్చింది. కథ 1964కు, ప్రచ్ఛన్న యుద్ధ కాలపు సోవియట్ అడవులకు వెనక్కి వెళ్తుంది. ఇందులో వీరుడు, మొదటి ఆటల్లో ప్రతినాయకుడైన బిగ్ బాస్, అప్పటికి అతను ఆ పేరు రాని యువ సైనికుడు, ఇక్కడ అతన్నీ స్నేక్ అనే పిలుస్తారు. తనకు యుద్ధవిద్య నేర్పి, తల్లిలా పెంచిన గురువు శత్రువుల పక్షం చేరడంతో ఆమెను చంపి రమ్మని అతన్ని ప్రభుత్వం పంపుతుంది. ఆమె పేరు ది బాస్. జేమ్స్ బాండ్ చిత్రాల ధోరణిలో సాగే టైటిల్ పాట, రంగురంగుల ప్రతినాయకులు, మోటారు సైకిల్ మీద వెంటాడటాలు అన్నీ ఇందులో ఉన్నాయి. ఇవేవీ ఈ ఆటను వరుసలోకెల్లా మేటిగా నిలబెట్టినవి కావు.

ముసలి తుపాకిగాడు ఒకడితో అడవంతా తిరుగుతూ సాగే సుదీర్ఘ ద్వంద్వం ముగిశాక, సొరంగంలో ఒక నిచ్చెన ఎదురవుతుంది. ఆ నిచ్చెన ఎక్కడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. శత్రువులు రారు, ఉచ్చులుండవు, పైకి నొక్కిపట్టి ఉంచడం తప్ప ఆటగాడు చేయవలసిందేమీ లేదు. కొంత ఎక్కాక వాద్యాలేవీ లేకుండా ఒంటి గొంతుతో టైటిల్ పాట మొదలవుతుంది. కథ మధ్యలో పాట వచ్చి కాలాన్ని సాగదీయడం తెలుగు సినిమా చూసి పెరిగిన ఆటగాడికి వింతగా తోచకపోవచ్చు, పాశ్చాత్య ఆటగాళ్లలో మాత్రం ఈ నిచ్చెన పెద్ద చర్చనీయాంశమైంది. పాట ఉన్నంతసేపూ వేలు బటన్ మీద ఉండాలి, వేలు తీస్తే స్నేక్ ఆగిపోతాడు. కట్‌సీన్‌లో ఆ నిచ్చెన చూపి ఉంటే కూర్పరి ఐదు సెకన్లలో పైకి చేర్చేవాడు.

మరోచోట స్నేక్ మరణం అంచున ఉన్నప్పుడు, మోకాటి లోతు నదిలో నడుస్తుంటే అంతవరకు ఆటగాడు చంపిన సైనికులంతా ప్రేతాలై ఎదురొస్తారు. ఎవరినీ చంపకుండా దాక్కుంటూ వచ్చినవాడికి నది దాదాపు ఖాళీగా ఉంటుంది, విచ్చలవిడిగా కాల్చినవాడికి దారి పొడవునా శవాలే. కథారచయిత రాసింది ఒకే దృశ్యం, దాన్ని నింపింది ఆడినవాడి చేతలు.

ఆ తర్వాత తెల్లని పూల మైదానంలో గురుశిష్యుల చివరి పోరు. పది నిమిషాల గడువు, చివరి నిమిషాల్లో టైటిల్ పాట. ది బాస్ నేలకొరుగుతుంది, తన తుపాకిని శిష్యుడి చేతికిస్తుంది, ప్రాణం తీయమంటుంది. స్నేక్ ఆమె వైపు తుపాకి ఎక్కుపెడతాడు. కెమెరా పైకి లేచి దూరం జరుగుతుంది, అంతా కట్‌సీన్ పద్ధతిలోనే ఉంటుంది, అలవాటు కొద్దీ ఆటగాడు కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉంటాడు. ఏమీ జరగదు. నిమిషం గడిచినా జరగదు. తుపాకి పేల్చే బటన్ అప్పటికే ఆటగాడి చేతికి అప్పగించేశారనీ, తాను నొక్కేవరకు ఈ కథ ముందుకు పోదనీ గ్రహించడానికి కాస్త సమయం పడుతుంది. ఏ సూచనా తెరపై రాదు. నొక్కకపోతే ఆమె బతుకుతుందా అంటే అదీ లేదు, దృశ్యం అలా ఆగిపోయి ఉంటుందంతే. నొక్కగానే తూటా పేలుతుంది, పూలు ఎర్రబడతాయి. ఆమె నిజానికి దేశద్రోహి కాదనీ, ప్రభుత్వమే ఆమెకు ఆ వేషం వేయించి, అవసరం తీరాక బలిచేసిందనీ ఆ తర్వాత తెలుస్తుంది. సైనికుడికి ఎలాగైతే ఆజ్ఞ ధిక్కరించే దారి లేదో, ఆటగాడికీ అలాగే లేదు. ఎంపిక లేనిచోట వేలిని మాత్రం అడగడం వల్ల పుట్టిన ఆ బరువును తెరపై చూసే ఏ చిత్రమూ ప్రేక్షకుడి మీద మోపలేదు. ఈ వరుస సినిమాకు ఎక్కడ దగ్గరగా వచ్చింది, ఎక్కడ దాన్ని దాటిపోయింది అని అడిగితే చూపదగిన చోటు ఇదే.

అయితే చూపును చేతికివ్వడంలో ఒక మరక కూడా ఇదే ఆటలో ఉంది. కట్‌సీన్ నడుస్తుండగా ఒక బటన్ నొక్కితే స్నేక్ కళ్లతో చూడగలిగే ఏర్పాటును గంభీరమైన ఘట్టాల్లో చక్కగా వాడుకున్న దర్శకుడే, ఈవా అనే గూఢచారిణి ఉన్నచోట దాన్ని ఆమె శరీరాన్ని తేరిపార చూడటానికి అప్పగించాడు. 2015 నాటి ఆటలో క్వయెట్ అనే స్నైపర్‌ను అరకొర దుస్తుల్లో చూపిన తీరుకు వచ్చిన విమర్శలు అందుకే ఆకస్మికం కావు. ఆమె చర్మంతో ఊపిరి పీల్చుకుంటుందన్న కథాకారణం ఆ కెమెరా కోణాలను సమర్థించలేకపోయింది.

ముగింపు మీద ముగింపు

2008లో ప్లేస్టేషన్ 3 కోసం వచ్చిన నాలుగో ‘సాలిడ్’ ఆట ‘గన్స్ ఆఫ్ ద పేట్రియట్స్’ అన్ని ముడులూ విప్పాలన్న భారాన్ని నెత్తికెత్తుకుంది. స్నేక్ అకాల వృద్ధుడయ్యాడు, యుద్ధాలను ప్రైవేటు సైనిక కంపెనీలు నడుపుతున్నాయి, పాత పాత్రలన్నీ లెక్క తేల్చుకోవడానికి వరుసగా వచ్చిపోతాయి. చివరి పోరు తర్వాత నడిచే ముగింపు దృశ్యాలు గంటకు మించి సాగుతాయి. కొజిమా సినిమా మోజును ఎగతాళి చేసేవాళ్లు ఈ ఆటనే చూపుతారు, వాళ్లతో పెద్దగా పేచీ పడవలసిన పని లేదు. ఆటగాడు కంట్రోలర్ కింద పెట్టి, లేచి, భోజనం చేసి వచ్చినా కథకు నష్టం లేని ఘట్టాలు ఇందులో అనేకం.

అలాంటి ఆటలోనే ఒక నడవా ఉంది. ఒళ్లు కాలే సూక్ష్మతరంగాలతో నిండిన ఆ నడవాను వృద్ధ స్నేక్ దాటాలి. తెర అడ్డంగా రెండుగా చీలి, పైభాగంలో బయట సహచరుల పోరాటం సాగుతుంటే, కింది భాగంలో స్నేక్ మొదట నడుస్తాడు, తర్వాత తూలుతాడు, తర్వాత పాకుతాడు. ముందుకు కదలాలంటే ఒకే బటన్‌ను ఎడతెగకుండా టపటపా కొడుతూ ఉండాలి. బొటనవేలు నొప్పెడుతుంది. ఆ నొప్పి ఉన్నంతసేపే ఆ దృశ్యానికి ప్రాణం. 1998 నాటి ఆటలో స్నేక్‌ను విద్యుత్తుతో హింసించే ఘట్టంలోనూ ఇదే సూత్రం పనిచేసింది. అక్కడ వేలు అలసి లొంగిపోతే మెరిల్ చనిపోయేది, ఓర్చుకుంటే బతికేది.

మధ్యలో 2010లో చేతిలో పట్టే పీఎస్పీ యంత్రానికి వచ్చిన ‘పీస్ వాకర్’ ఆష్లీ వుడ్ గీసిన కామిక్ పుస్తకపు బొమ్మలతో కట్‌సీన్లు నడిపి, ఖర్చు తగ్గించుకుంటూనే కొత్త అందాన్ని సాధించింది. దాని తర్వాతి అడుగు మాత్రం పూర్తిగా ఎదురు దిశలో పడింది.

కత్తెర పడని కెమెరా

2015 సెప్టెంబరు 1న విడుదలైన ‘ద ఫాంటమ్ పెయిన్’లో కోడెక్ ఉపన్యాసాలు దాదాపు మాయమయ్యాయి. 1984 నాటి అఫ్గానిస్తాన్‌లో, ఆ తర్వాత అంగోలా-జయీర్ సరిహద్దులో విశాలమైన నేల మీద ఆటగాడు ఇష్టమొచ్చిన దారిలో, ఇష్టమొచ్చిన వేళలో పనులు చక్కబెట్టుకోవచ్చు. కథా సమాచారాన్ని క్యాసెట్లలో నింపి, కావలసినప్పుడు వినమని వదిలేశారు. మిగిలిన కొద్ది కట్‌సీన్లు కోత లేకుండా, ఒకే ఎడతెగని షాట్‌లా నడుస్తాయి. ఎవరో కెమెరా భుజాన వేసుకుని పాత్రల మధ్య తిరుగుతున్నట్టు అది కదులుతుంది, ముఖం నుంచి చేతికి, చేతి నుంచి కిటికీకి మళ్లి, చివరికి వీరుడి వీపు వెనక ఆగి, ఆగినచోటే ఆటగాడి కెమెరాగా మారిపోతుంది. 1998లో చెరపడం మొదలుపెట్టిన అతుకు ఇక్కడికి పూర్తిగా చెరిగిపోయింది.

ఇందులో మరువరాని ఘట్టం కూడా వేలికి సంబంధించిందే. గొంతులో చేరే పరాన్నజీవి ఒకటి ఆటగాడి స్థావరంలోనే వ్యాపిస్తుంది. అది సోకినవాళ్లు బయటికొస్తే అందరికీ ముప్పు. వాళ్లు శత్రువులు కారు, అంతకుముందు పదుల గంటల పాటు ఆటగాడు ఏరికోరి చేర్చుకున్న తన సైనికులే. చివరి గదిలో వాళ్లు వరుసగా నిలబడి సెల్యూట్ చేస్తూ, ‘పీస్ వాకర్’లోని బాణీ కూనిరాగం తీస్తుండగా, ఒక్కొక్కరినీ కాల్చవలసింది ఆటగాడే. పూల మైదానంలో ఒక్క తూటాతో అడిగినదాన్ని కొజిమా ఇక్కడ పదేపదే అడిగాడు, దాంతో పదును కొంత తగ్గినా గాయం పెద్దదైంది.

ఆరంభంలో, సైప్రస్‌లోని ఆసుపత్రిలో, ముఖం మార్చే శస్త్రచికిత్స పేరుతో ఆటగాడి చేత ఒక ముఖం తయారు చేయిస్తారు. అంతా అయ్యాక, తాను నడిపింది బిగ్ బాస్‌ను కాదనీ, అతని రూపం దిద్దిన ఒక వైద్య సైనికుణ్ననీ, ఆరంభంలో తయారుచేసిన ముఖం ఆ సైనికుడి అసలు ముఖమనీ తెలుస్తుంది. ‘మెటల్ గేర్ సాలిడ్ 2’ బిళ్లపై రాసి విసిరేసిన పేరును ఇక్కడ వీరుడికే తిరిగి ఇచ్చినట్టయింది. ఇంత చక్కని ఊహ ఉన్నా, కథ చివరి భాగం అరకొరగా ముగిసి, ప్రణాళికలో ఉన్న 51వ ఘట్టం పూర్తికాకుండానే ఆట బయటికొచ్చింది. ప్రతి ఘట్టం ముందూ టీవీ ధారావాహికలాగా పేర్లు వేయడమూ అంతగా కలిసిరాలేదు, రాబోయే ప్రతినాయకుడి పేరు ముందే తెరపై కనిపిస్తే బల్ల కింద బాంబు ఎవరికైనా తెలిసిపోతుంది గానీ అది హిచ్‌కాక్ చెప్పిన రకంగా మాత్రం కాదు.

2015 చివరికే కొజిమా కొనామిని విడిచి సొంత సంస్థ పెట్టుకున్నాడు. 2019లో నార్మన్ రీడస్, మాడ్స్ మికెల్సన్, లెయా సెడు వంటి సినిమా నటుల ముఖకవళికలతో ‘డెత్ స్ట్రాండింగ్’ తెచ్చాడు. 2024 జనవరిలో సోనీతో కలిసి మళ్లీ గూఢచర్యం ఆట చేస్తున్నట్టు ప్రకటిస్తూ, అది ఆట మాత్రమే కాదు, రూపంలోనూ నటనలోనూ సినిమా కూడా అని చెప్పాడు. కొనామి మాత్రం అతను లేకుండానే ‘స్నేక్ ఈటర్’ను కొత్త సాంకేతికతతో పునర్నిర్మించి 2025 ఆగస్టు 28న ‘డెల్టా’ పేరుతో విడుదల చేసింది. పాత నటుల గొంతుల రికార్డింగులనే వాడుకుని, పాత షాట్లనే పాటించిన ఈ పునర్నిర్మాణం కొత్తగా చేర్చింది వీరుడి భుజం వెనక నుంచి చూసే కెమెరాను. పైనుంచి చూసే పాత కెమెరాను కోరుకునేవాళ్లకు దాన్నీ ఉంచింది. భుజం మీది కెమెరాతో గురిచూడటం సులువు, ఈ కాలపు ఆటగాళ్లకు అలవాటైన పద్ధతి కూడా అదే. కానీ 2004లో అడవిని రూపొందించింది పైనుంచి చూసే కంటికోసం, ఏ పొద వెనక ఎవరున్నారో సగం తెలిసి సగం తెలియని స్థితిలో ఆటగాడిని ఉంచడానికి. మొదటిసారి ఆడేవాళ్లు ఆ పాత కెమెరాతోనే మొదలుపెట్టడం మేలు.